ఫోను చెప్పినట్టు లేదా? అమ్మినవారినే అడగాలి

8 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ అని చూసి డబ్బు కట్టారు. ఇంటికొచ్చిన ఫోనులో సెట్టింగ్స్ తెరిస్తే 6 జీబీ, 128 జీబీ అని కనిపించింది. దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "కంపెనీ వారంటీ ఏడాది ఉందండీ, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి." అక్కడ కాసేపు చూసి, "ఫోన్ బాగానే పనిచేస్తోంది సార్, రిపేర్ చేయడానికి ఏమీ లేదు" అని జాబ్ షీట్ మీద రాసి పంపించేస్తారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఫోను పాడవలేదు కాబట్టి అడిగే హక్కు లేదేమో అనుకుని సర్దుకుపోతారు.

సర్దుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ఫోను పాడైందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. కొన్నది ఒకటి, చేతికొచ్చింది మరొకటి. సోనామసూరికి డబ్బు తీసుకుని దొడ్డు బియ్యం బస్తా దింపి, "ఇవీ ఉడుకుతాయి కదా" అంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. సర్వీస్ సెంటర్ ఉన్నది చెడిపోయినదాన్ని బాగుచేయడానికి. 6 జీబీ ఫోనును 8 జీబీ ఫోనుగా మార్చి ఇవ్వడం దాని పని కాదు. ఈ తగాదా కొన్నవారికీ అమ్మినవారికీ మధ్యది. దాన్ని తయారీ కంపెనీ వారంటీ కార్డు మీదికి మళ్లించడం వల్లే ఎన్నో న్యాయమైన ఫిర్యాదులు మొదలు కాకముందే నీరుగారిపోతున్నాయి.

చట్టం ఎవరి పక్షాన ఉంది

మన దేశంలో ఈ విషయానికి ప్రధానంగా రెండు చట్టాలు వర్తిస్తాయి. ఒకటి 1930 నాటి వస్తు విక్రయ చట్టం. రెండోది 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019.

పాత చట్టంలోని సెక్షన్ 15 చెప్పేది సూటిగా ఉంటుంది. ఫలానా వివరాలున్న వస్తువు అని చెప్పి అమ్మితే, ఆ వివరాలకు సరిపోయే వస్తువునే ఇవ్వాలన్నది ఆ ఒప్పందంలో దానంతటదే ఉండే షరతు. బిల్లు మీద ఆ మాట రాసి ఉండనక్కర్లేదు, ఎవరూ ప్రత్యేకంగా మాట ఇవ్వనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొనే ప్రతి ఫోనూ వివరాలు చదివి కొన్నదే, చేత్తో పట్టి చూసి కొన్నది కాదు. షోరూంలో డెమో ఫోను చేతికిచ్చి, పక్కన బోర్డు మీద వివరాలు రాసి అమ్మితే కొన్నవారి వాదన ఇంకా బలపడుతుంది. నమూనా చూపించి, వివరాలూ చెప్పి అమ్మినప్పుడు ఇచ్చిన వస్తువు రెండింటికీ సరిపోవాలని, ఒక్కదానికి సరిపోతే చాలదని అదే సెక్షన్ స్పష్టం చేస్తుంది.

షరతు తప్పితే కొన్నవారు ఫోనును తిరస్కరించి డబ్బు వెనక్కి అడగవచ్చు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలియక చాలామంది నష్టపోయేది ఇక్కడే. వస్తువును ఒకసారి అంగీకరించాక, దాన్ని తిరస్కరించే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుందని సెక్షన్ 13 చెబుతుంది. అంగీకరించడం అంటే డెలివరీ తీసుకోవడం కాదు. సెక్షన్ 42 ప్రకారం, నాకు సమ్మతమే అని అమ్మినవారికి చెప్పినా, వస్తువు తమ సొంతమైనట్టు వ్యవహరించినా, తగినంత కాలం గడిచినా తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా ఉంచుకున్నా అంగీకరించినట్టే. "తగినంత కాలం" ఎన్ని రోజులో చట్టం లెక్క కట్టలేదు, ఆ కేసులోని వాస్తవాలను బట్టి తేలుస్తారు. అందువల్ల తేడా కనిపించిన రోజే "ఈ ఫోను నేను కొన్న వివరాలకు సరిపోవడం లేదు, దీన్ని తిరస్కరిస్తున్నాను, డబ్బు వాపసు ఇవ్వండి" అని రాతపూర్వకంగా పంపాలి. ఈమెయిల్ చాలు. ఫోనులో మాట్లాడటం చాలదు. ఇలా తిరస్కరించాక ఫోనును మోసుకెళ్లి అప్పగించే బాధ్యత కూడా సాధారణంగా కొన్నవారిది కాదు, తిరస్కరిస్తున్నట్టు తెలియజేస్తే సరిపోతుందని సెక్షన్ 43 అంటుంది.

ఇక 2019 చట్టం. సామాన్యుడికి అసలైన ఆయుధం ఇదే. ఇందులోని సెక్షన్ 2(10) లోపం అంటే ఏమిటో నిర్వచిస్తుంది. నాణ్యతలో, పరిమాణంలో, ప్రమాణంలో తక్కువ ఉండటం లోపమే. ఆ ప్రమాణాన్ని దేనితో పోల్చాలి? ఏదైనా చట్టం విధించినదానితో, ఒప్పందంలో ఉన్నదానితో, లేదా వ్యాపారి ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్నదానితో. ఈ చివరి మాట చాలా విలువైనది. వెబ్‌సైట్‌లో రాసినా, బాక్సు మీద అచ్చు వేసినా, పత్రికలో ప్రకటన ఇచ్చినా, షోరూంలో సేల్స్‌మన్ చెప్పినా అవన్నీ ఇందులోకి వస్తాయి. కాబట్టి చక్కగా పనిచేసే ఫోనుకు కూడా చట్టం దృష్టిలో లోపం ఉండవచ్చు. "రిపేర్ ఏమీ లేదు" అన్న జాబ్ షీట్ ఈ వాదనను దెబ్బతీయదు.

అదే చట్టంలోని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల జాబితా ఇస్తుంది. వస్తువు ఫలానా నాణ్యతది, ఫలానా మోడల్ అని తప్పుగా చెప్పడం అందులో ఉంది. వాడినదాన్ని, బాగుచేసినదాన్ని కొత్తదని అమ్మడం ఉంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఉంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం సైతం ఉంది. దీనికి గడువు బిల్లు మీద రాసినంత, ఏమీ రాయకపోతే 30 రోజులు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు అడుగున అచ్చు వేసి, దాన్నే చట్టంలా చూపించే దుకాణదారులు ఈ ఒక్క నిబంధన చదివితే మంచిది.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 జూలైలో ప్రత్యేకంగా ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. ప్రకటించిన లక్షణాలు వస్తువులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ విక్రేత నిరాకరించరాదని ఆరో నియమం నేరుగా చెబుతుంది. వెబ్‌సైట్‌లో పెట్టే బొమ్మలు, వివరాలు అసలు వస్తువుకు సరిపోయేవేనని తన దగ్గర అమ్ముకునే విక్రేతల నుంచి మార్కెట్‌ప్లేస్ సంస్థ హామీ తీసుకోవాలన్నది ఐదో నియమం.

ఏడు రోజుల రిటర్న్ పాలసీ దాటితే హక్కు పోతుందా

పోదు. అయితే దీన్ని కాస్త జాగ్రత్తగా విడదీసి చూడాలి.

కొనుగోలుదారుకు మనసు మారింది, రంగు నచ్చలేదు, పక్కింటివారికి ఇంకా చవకగా దొరికింది. ఇలాంటి కారణాలతో ఫోను వెనక్కి ఇచ్చే హక్కు మన చట్టంలో లేదు. అది వెబ్‌సైట్ ఇచ్చే సౌకర్యం, ఎన్ని రోజులు ఇస్తే అన్ని రోజులే. చెప్పిన వివరాలకు వస్తువు సరిపోకపోవడం వేరు. అది చట్టం ఇచ్చిన హక్కు, వెబ్‌సైట్ దయ కాదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి సమస్య తలెత్తిన రోజు నుంచి 2 సంవత్సరాల గడువు ఉంది. "రిటర్న్ విండో ముగిసింది" అని యాప్‌లో కనిపించే మాట ఆ 2 సంవత్సరాలను తుడిచిపెట్టదు.

అలాగని నింపాదిగా కూర్చుంటే కొన్నవారికే చేటు. మొదటి వారంలో మార్చి ఇవ్వమంటే ఒక్క క్లిక్‌తో అయ్యే పని, మూడో నెలలో అడిగితే వాదనగా మారుతుంది. "మీరే మార్చి ఉంటారు, ఇది మేం పంపిన ఫోను కాదు" అనే మాట వస్తుంది. హక్కు బతికే ఉంటుంది, రుజువు చేసే భారం మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఈ లెక్క వేరు. అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, చెప్పిన వివరాలకు సరిపోని వస్తువును 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. ఆ తర్వాత కూడా, ఆరు నెలల లోపు తేడా బయటపడితే, అది అమ్మిన రోజు నుంచే ఉందని భావిస్తారు. కాదని రుజువు చేసుకోవలసింది అమ్మినవారే. ఆన్‌లైన్‌లో కొంటే కారణం చెప్పకుండా రద్దు చేసుకోవడానికి సాధారణంగా 14 రోజులు విడిగా ఉంటాయి. మన చట్టంలో ఆరు నెలల భరోసా లాంటి స్పష్టమైన నిబంధన లేదు. నా దృష్టిలో 2019 చట్టంలోని పెద్ద వెలితి ఇదే. ఫోను లాంటి వస్తువు లోపల ఏముందో తేల్చగల సామర్థ్యం కంపెనీకి ఉంటుంది, కొన్నవారికి ఉండదు. రుజువు భారాన్ని బలమున్నవారి మీద పెట్టడమే న్యాయం.

ఏది తేడా, ఏది కాదు

6 జీబీకి 8 జీబీ అని అమ్మడం తేటతెల్లమైన విషయం. అసలు చిక్కు ప్రకటనలోని చిన్న అక్షరాల దగ్గర వస్తుంది.

స్టోరేజీనే తీసుకోండి. 128 జీబీ అని కొన్న ఫోనులో కొన్నిసార్లు 119 అని కనిపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారులు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. కంప్యూటర్ లెక్కలో అది 107 కోట్ల 37 లక్షల బైట్లకు పైనే. 128ని ఆ రెండో లెక్కలోకి మారిస్తే 119 చిల్లర వస్తుంది. ఆ తర్వాత ఆండ్రాయిడ్, ముందే వేసి ఇచ్చే యాప్‌లు మరికొంత ఆక్రమిస్తాయి. "వాడుకోవడానికి మిగిలేది తక్కువగా ఉండవచ్చు" అని బాక్సు మీదో వెబ్‌సైట్‌లోనో రాసి ఉంటే ఈ వాదనతో గెలవడం కష్టం. కానీ సెట్టింగ్స్‌లో మొత్తం 64 అని కనిపిస్తే ఏ లెక్కా దాన్ని సమర్థించలేదు.

ర్యామ్ విషయంలో ఇంత ఉదారంగా ఉండలేను. "16 జీబీ ర్యామ్" అని పెద్ద అక్షరాల్లో వేసి, పక్కన ఒక చుక్క గుర్తు పెట్టి, అట్టడుగున "8 జీబీ + 8 జీబీ వర్చువల్" అని రాయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ రెండో 8 జీబీ ర్యామ్ కాదు. స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌కు సహాయంగా వాడుకోవడం, అంతే. స్టోరేజీ వేగం ర్యామ్ వేగం కంటే చాలా తక్కువ. ఇది ర్యామ్ గురించి అంతగా తెలియనివారిని ఉద్దేశించి వేసిన ప్రకటన. 2019 చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన నిర్వచనంలో ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా ఉంది. చిన్న అక్షరాల్లో రాస్తే దాచినట్టా కాదా అన్నది వాదనకు నిలిచే ప్రశ్న. బిల్లు మీద 16 జీబీ అనే ఉండి, వర్చువల్ అన్న మాట ఎక్కడా లేకపోతే కొన్నవారి పక్షం గట్టిది. పేజీలో స్పష్టంగా విడదీసి రాసి ఉంటే బలహీనం. అందుకే కొనేముందే ఆ పేజీ మొత్తాన్ని, అట్టడుగు గీత వరకు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. వివాదం వచ్చే నాటికి ఆ పేజీ మారిపోయి ఉండవచ్చు.

నీళ్ల సంగతి మరీ విచిత్రం. ఐపీ68 (దుమ్మును, నీటిని తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) అని రాసిన ఫోను నీటిలో పడి పాడైతే, చాలా కంపెనీల వారంటీ ద్రవం వల్ల కలిగే నష్టానికి వర్తించదని అంటుంది. ఆ రేటింగ్ మంచినీటితో ప్రయోగశాలలో, కంపెనీ పేర్కొన్న లోతులో, పేర్కొన్న సమయానికి చేసిన పరీక్ష. సముద్రపు నీటికీ ఈతకొలను క్లోరిన్‌కూ అది భరోసా కాదు. మరి ప్రకటనలో ఫోనును కొలనులో ముంచి చూపిస్తే? ఆస్ట్రేలియాలో సరిగ్గా ఇదే జరిగింది. 2016 మార్చి నుంచి 2018 అక్టోబరు మధ్య గెలాక్సీ ఫోన్లను కొలనుల్లో, సముద్రపు నీటిలో వాడవచ్చన్నట్టు శామ్‌సంగ్ ప్రకటనలు ఇచ్చింది. అలా తడిసిన ఫోనుకు చార్జింగ్ పెడితే పోర్టు తుప్పుపట్టే ప్రమాదముందని ఆ సంస్థ తర్వాత అంగీకరించింది. అక్కడి వినియోగదారుల కమిషన్ 2019లో కోర్టుకెక్కింది. 2022 జూన్‌లో ఫెడరల్ కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. ప్రకటనలో బొమ్మ కూడా మాటే అని తేల్చిన కేసు ఇది. మన చట్టంలోని "ఏ రూపంలోనైనా చెప్పుకున్నది" అన్న నిర్వచనం చదివితే, ఇక్కడ కూడా ఆ వాదన నిలబడకపోవడానికి కారణం కనిపించదు.

బ్యాటరీ మీద రెండు అంకెలుంటాయి, ఒకటి సాధారణంగా వచ్చే సామర్థ్యం, రెండోది కనీసం ఉండేది. ఆ రెంటి మధ్య చిన్న తేడా మోసం కాదు. 108 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా 12 మెగాపిక్సెల్ ఫొటో ఇవ్వడం కూడా అంతే, పక్కపక్క పిక్సెళ్లను కలిపి ఒకటిగా చేసే పద్ధతి అది. 108 అని ఎంచుకునే వీలే ఫోనులో లేకపోతే అప్పుడు అడగాలి. ప్రాసెసర్ పేరు మారినా, స్క్రీన్ 120 హెర్ట్జ్ అని చెప్పి 90 వచ్చినా సందేహమే అక్కర్లేదు.

అన్నిటికంటే బాధాకరమైనది, తరచూ బయటపడనిది, వాడిన ఫోనును కొత్తదిగా అమ్మడం. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. డయలర్‌లో *#06# కొడితే ఫోను గుర్తింపు కోసం ఇచ్చే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు సంఖ్యలు వస్తాయి. అవి బాక్సు మీది స్టిక్కర్‌తో, బిల్లు మీది సంఖ్యతో సరిపోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడే ఆగాలి. తర్వాత ఆ సంఖ్యనో సీరియల్ నంబరునో తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లోని వారంటీ పేజీలో వేయండి. చాలా కంపెనీలు వారంటీ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో చూపిస్తాయి. నిన్న కొన్న ఫోను వారంటీ నాలుగు నెలల క్రితమే మొదలైనట్టు కనిపిస్తే, దాన్ని మీకంటే ముందు ఇంకెవరో ఆన్ చేశారన్నమాట. ఆ పేజీని తేదీతో సహా భద్రపరచుకోండి, అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ప్రభుత్వ వ్యవస్థలో కూడా సరిచూసుకోవచ్చు. ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ సంఖ్య వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ సంఖ్య ఏ కంపెనీ, ఏ మోడల్ ఫోనుదో తెలుస్తుంది. సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఈ వీలుంది. పాత ఫోన్లు బేరమాడి కొనేవారు డబ్బు ఇవ్వకముందే ఈ పని చేయాలి.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ముందుగా బిల్లు తీసి విక్రేత పేరు చదవండి. మనం పెద్ద వెబ్‌సైట్‌లో కొన్నామనుకుంటాం, బిల్లు మీద ఎప్పుడూ వినని ఒక సంస్థ పేరు, ఎక్కడో గోదాము చిరునామా ఉంటాయి. ఒప్పందం ఆ సంస్థతో. "మేం వేదిక మాత్రమే, అమ్మింది మేం కాదు" అని వెబ్‌సైట్ చేతులు దులుపుకోవాలని చూస్తుంది. ఐటీ చట్టంలోని సెక్షన్ 79 మధ్యవర్తి సంస్థలకు కొంత రక్షణ ఇస్తున్న మాట నిజమే. కానీ డబ్బు తీసుకున్నది, ప్రచారం చేసింది, డెలివరీ ఇచ్చింది వెబ్‌సైటే అయినప్పుడు వినియోగదారుల కమిషన్లు చాలా కేసుల్లో దాన్ని కూడా బాధ్యురాలిని చేశాయి. కాబట్టి ఫిర్యాదులో విక్రేతను, వెబ్‌సైట్‌ను, వివరాలు తయారీదారు చెప్పినవే అయితే తయారీ కంపెనీని, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడం మంచిది. ఎవరి వాటా ఎంతో కమిషన్ తేలుస్తుంది.

ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఒక గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారిని నియమించి, పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు ఆయన 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో పదిసార్లు మొరపెట్టుకోవడం కంటే ఈ అధికారికి ఒక్క ఈమెయిల్ మేలు. అందులో ఆర్డర్ నంబరు, ప్రకటించిన వివరం, చేతికొచ్చిన వివరం, కోరుతున్నది, ఇచ్చే గడువు ఉంటే చాలు. కోపం రాయనక్కర్లేదు. ఆధారాలుగా బిల్లు, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, బాక్సు లేబుల్ ఫొటో, సెట్టింగ్స్‌లో ఫోను గురించి ఉండే పేజీ ఫొటో జతచేయండి. ఆన్‌లైన్‌లో కొన్న ఫోను బాక్సును సీలు తీయడం నుంచి *#06# కొట్టేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయడం అలవాటు చేసుకుంటే, "మీరే మార్చారు" అన్న మాటకు అదే జవాబు.

దానితో పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు కోర్టు కాదు, ఆదేశాలు ఇవ్వలేరు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు. నిజం చెప్పాలంటే ఫోను లాంటి వస్తువుల విషయంలో చాలా తగాదాలు తేలిపోవలసింది ఇక్కడే. ఎందుకంటే కొన్నవారికి చట్టం తెలుసని కంపెనీకి అర్థమయ్యేది ఈ దశలోనే.

అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ పేరు వినగానే లాయరు, ఫీజులు, ఏళ్ల తరబడి వాయిదాలు గుర్తొచ్చి వెనక్కి తగ్గేవారి కోసం కొన్ని విషయాలు చెప్పాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఏ ఫోనైనా దాదాపు ఇందులోకే వస్తుంది. లాయరు తప్పనిసరి కాదు, స్వయంగా వాదించుకోవచ్చు. విక్రేత గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే, లేదా మీరు పనిచేసే చోటే ఫిర్యాదు వేయవచ్చు. పాత 1986 వినియోగదారుల చట్టంలో లేని ఈ వెసులుబాటు 2019 చట్టం తెచ్చిన గొప్ప మార్పుల్లో ఒకటి. "వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే" అని నిబంధనల్లో రాసుకున్నంత మాత్రాన ఈ హక్కు పోదు. వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తే తేల్చాలన్న నిబంధన ఒప్పందంలో ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా విచారణకు హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు.

కొడుకు కొనిచ్చిన ఫోనును తల్లి వాడుతుంటే ఆమె కూడా ఫిర్యాదు చేయవచ్చు. కొన్నవారి సమ్మతితో వాడేవారిని కూడా చట్టం వినియోగదారుగానే చూస్తుంది. తిరిగి అమ్మడానికి కొన్నవారికి మాత్రం ఈ దారి లేదు.

ఫిర్యాదు నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు, ఆపైన ఒక్కరోజు కూడా కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. సాధారణంగా కేసును 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో ముగించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంతకంటే ఎక్కువ కాలం పట్టే కేసులు చాలా ఉన్నాయి. ఈ ఒక్క భయంతోనే జనం వదులుకుంటున్నారు. అయితే వివరాల తేడా కేసుకు ఒక సౌలభ్యం ఉంది. ఫోను ఎందుకు వేడెక్కుతోంది, లోపం తయారీలోనిదా వాడకంలోనిదా లాంటి ప్రశ్నలకు నిపుణుల నివేదిక కావాలి. ప్రకటనలో 8, ఫోనులో 6 అన్నది మాత్రం కాగితాల మీదే తేలిపోతుంది. అఫిడవిట్, పత్రాలు ఆధారంగానే విచారణ సాగుతుంది కాబట్టి, కాగితాలు పక్కాగా ఉన్న ఫిర్యాదు త్వరగా కొలిక్కి వచ్చే అవకాశం ఎక్కువ.

గెలిస్తే కమిషన్ ఏం ఇప్పించగలదు? లోపం సరిచేయమనవచ్చు. అవే వివరాలున్న కొత్త వస్తువు ఇవ్వమనవచ్చు. ధర వడ్డీతో తిరిగి ఇవ్వమనవచ్చు. మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కలపవచ్చు. ఏది కావాలో ఫిర్యాదులోనే స్పష్టంగా అడగండి. ధరలో తేడా మాత్రమే ఇప్పించి ఫోను ఉంచుకుంటానన్నా తప్పు లేదు. పిల్లల చదువుకు ఫోను వెంటనే కావలసిన ఇళ్లలో అదే నయం కావచ్చు.

ఈఎంఐ మీద కొన్నవారికి ఒక హెచ్చరిక. ఫోను మీద కోపంతో వాయిదాలు ఆపేయకండి. అప్పిచ్చిన సంస్థతో మీ ఒప్పందం వేరు. వాయిదా తప్పితే క్రెడిట్ స్కోరు దెబ్బతినేది మీది, ఫోను అమ్మినవారిది కాదు. రుణ సంస్థకు ఈ వివాదం గురించి రాతపూర్వకంగా తెలియజేసి, రీఫండ్ వస్తే రుణఖాతా మూసి ఆ మేరకు ధ్రువీకరణ ఇవ్వాలని కోరండి. క్రెడిట్ కార్డుతో కట్టినవారు బ్యాంకులో చార్జ్‌బ్యాక్‌కు, అంటే కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అర్జీ పెట్టవచ్చు. దానికి తక్కువ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

ఒకే రకం మోసం ఎంతోమందికి జరిగినట్టు కనిపిస్తే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు కూడా రాయండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారు మీద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం దానికి ఉంది. మీ డబ్బు మీకు ఇప్పించడం దాని పని కాదు, అందుకు కమిషనే దిక్కు. కానీ ఆ ప్రకటన రేపు ఇంకొకరిని ముంచకుండా ఆపగలిగేది ఆ సంస్థే.

కమిషన్ తీర్పు వచ్చాక కొందరు ప్రతివాదులు ఉలకరు పలకరు. అప్పీలుకు 45 రోజుల గడువు ఉంటుంది. అప్పీలు చేయాలన్నా చెల్లించమన్న మొత్తంలో సగం ముందే జమ చేయాలి. అప్పీలూ లేక, డబ్బూ ఇవ్వకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. సివిల్ కోర్టు డిక్రీని అమలు చేసినట్టే ఆ ఆదేశాన్నీ అమలు చేయిస్తారు. సెక్షన్ 72 ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆదేశాన్ని ఖాతరు చేయనివారికి నెల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అమలు పిటిషన్ నోటీసులో ఈ సెక్షన్ సంఖ్య కనిపించాక, నెలల తరబడి దొరకని సంస్థల చిరునామాలు కూడా దొరుకుతాయి.